మిరప చేనులో ఎరువుల ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

గుంటూరు జిల్లా నల్లరేగడి నేలల్లో మిరప వేసే రైతు ఖర్చు తగ్గించుకోవాలంటే, ముందుగా మట్టి పరీక్ష చేయించడం మేలు. వేసవిలో, ఎరువులేవీ వేయకముందే, ఎకరానికి ఎనిమిది నుంచి పది చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, దాని అంచు వెంబడి పైనుంచి కిందికి పలుచగా మట్టిని చెక్కి సేకరించాలి. గట్ల పక్కన, చెట్ల నీడలో, పెంట కుప్పలు ఉన్న చోట తీయకూడదు. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలను తీసేస్తూ అర కిలో మిగిలేదాకా తగ్గించి, నీడలో ఆరబెట్టి పరీక్షకు పంపాలి. పల్లానికి, మెరకకు నమూనాలు వేరువేరుగా ఉండాలి; చాలామంది వదిలేసేది, నిజానికి డబ్బు మిగిల్చేది ఈ పనే.

భాస్వరం ఎక్కువగా ఉన్నట్టు తేలితే, పక్క చేనువారు వేశారని డీఏపీ వేయనక్కరలేదు. 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వరంతోపాటు 9 కిలోల నత్రజని కూడా ఉంటుంది కనుక, తగ్గించిన బస్తాల మేరకు ఆ నత్రజనిని యూరియాతో భర్తీ చేయాలి. బిందుసేద్యం ఉన్నవారు యూరియాను వెంచురీ (ఎరువు ద్రావణాన్ని నీటి గొట్టంలోకి పీల్చే పరికరం) ద్వారా విడతలుగా ఇచ్చి, ఆపిన తర్వాత కొంతసేపు మామూలు నీరు వదలాలి.

ఎరువులతోపాటు పురుగుమందుల ఖర్చూ తగ్గాలంటే, 2021లో ఈ ప్రాంతపు మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు విషయంలో, నీలిరంగు జిగురు అట్టలు పెట్టి, పూలను తెల్ల కాగితంపై విదిలించి చూసి, ఉధృతిని బట్టి గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తల సలహాతోనే మందు కొట్టాలి.