కీమో మధ్యలో పడిపోయిన తెల్లకణాలు: నా అనుభవం

రెండో కీమో అయిన పదో రోజుకు మా అమ్మకు న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) 600కు పడిపోవడంతో మూడో విడత వాయిదా పడింది. బొప్పాయి ఆకు రసం, దానిమ్మ, మేక కార్జం ఏవీ పనిచేయలేదు. మూడో విడతలో డాక్టరుగారు కణాలు పడిపోయేదాకా ఆగకుండా, కీమో పూర్తయి 24 గంటలు దాటిన వెంటనే ఫిల్‌గ్రాస్టిమ్ (ఈ తెల్లకణాలను పెంచే ఇంజెక్షన్) 300 మైక్రోగ్రాములు రోజుకొకటి చొప్పున మొదలుపెట్టించారు. ఫ్రిజ్‌లో (గడ్డకట్టే అరలో కాదు) 2–8 డిగ్రీల వద్ద ఉంచిన సిరంజిని అరగంట ముందు బయటపెట్టి, కుదపకుండా, బొడ్డుకు రెండంగుళాల దూరంలో చర్మం మడత పట్టి నేనే ఇచ్చేవాణ్ణి. మొదటి రెండు రోజుల్లో సంఖ్య పెరిగినట్లు కనిపించినా, అది నిలిచే పెరుగుదల కాదని చెప్పడంతో ఆపలేదు. నడుము ఎముకలు నొప్పి పెట్టినప్పుడు, జ్వరం దాగిపోకూడదని థర్మామీటరు చూశాకే పారాసెటమాల్ ఇచ్చాను. నాలుగో విడత తేదీ తప్పలేదు. మందుల కలయికను బట్టి మోతాదూ రోజులూ మారతాయి కనుక ఇది అందరికీ వర్తిస్తుందని చెప్పలేను. ఇంజెక్షన్లు నడుస్తున్నా, జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి రమ్మనే మాకు చెప్పారు.