బీచ్ దగ్గర ఇల్లు కొనేముందు బోరుకు గంట పరీక్ష

విశాఖలో భీమిలి, రుషికొండ వైపు ఇల్లు చూసే రోజున బోరు నీళ్లు బాగానే అనిపించొచ్చు. తీరా చేరాక, వేసవిలో ఉప్పెక్కితే గీజరు, కుళాయిలు తుప్పు పట్టిపోతాయి. వెళ్లేటప్పుడు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కొలిచే మీటర్ వెంట పెట్టుకోండి, కొన్ని వందల్లో వస్తుంది.

ట్యాంకు కుళాయి నీళ్లు పట్టొద్దు, అందులో మున్సిపల్ నీళ్లు కలిసి ఉండొచ్చు. మోటారు వేయించి బోరు పైపు దగ్గరే పట్టండి: 5 నిమిషాలకు ఒక గ్లాసు, ఆపకుండా నడిపించి గంటకు ఇంకో గ్లాసు. రెండు గ్లాసుల అంకెలూ తక్కువగా, దగ్గరగా ఉంటే ఫర్వాలేదు. రెండోది బాగా పెరిగిందంటే అడుగునున్న ఉప్పునీరు పైకి వస్తోందనే అనుమానించాలి. ధర ఎంత తగ్గించినా అలాంటి ఇంటికి తొందరపడొద్దు. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన టీడీఎస్ హద్దు లీటరుకు 500 మి.గ్రా.; వేరే నీళ్లు దొరక్కపోతేనే 2000 దాకా. చాలా చవక మీటర్లలో 999 దాటితే ×10 గుర్తు వస్తుంది, అప్పుడు 180 అంటే 1800. ఇది చూసుకోకే చాలామంది పొరబడతారు.

వానలు పడ్డాక, అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ అంకెల్ని నమ్మొద్దు. ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ కొలవండి, లేదా ఆ వీధిలో అద్దెకున్నవాళ్లని ఎండాకాలం నీళ్ల సంగతి అడగండి.