లైనక్స్‌లో డిస్క్ చదవడం లేదా? కొత్త డ్రైవ్ కొనే ముందు కెర్నల్ మెసేజ్ చూడండి

బెంగళూరులో కంప్యూటర్ సామాన్ల బజారైన ఎస్పీ రోడ్డుకు డీవీడీ డ్రైవ్ పట్టుకెళ్తే ఎక్కువసార్లు వినిపించే మాట "లెన్స్ పోయింది సార్, కొత్తది తీసుకోండి" అని. నిజంగా పోయి ఉండొచ్చు కూడా. కానీ విండోస్‌లో చక్కగా ఆడే పెళ్లి సీడీ లైనక్స్‌లో మాత్రమే ఎర్రర్ ఇస్తుంటే, లేదా మొన్నటి అప్‌డేట్ తర్వాతే మొదలైతే, డ్రైవ్‌ని అనుమానించే ముందు కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లైనక్స్ మూలభాగం) ఏం చెబుతోందో చదవండి.

టెర్మినల్‌లో కెర్నల్ మెసేజ్‌లు చూపే డీమెసేజ్ కమాండ్‌ని ఆగకుండా నడిచేలా (dmesg -w) పెట్టి, అప్పుడు డిస్క్ లోపలికి తోయండి. డ్రైవ్ పేరు సాధారణంగా ఎస్‌ఆర్0 (sr0) అని కనిపిస్తుంది. "మీడియం ఎర్రర్" అని ఎక్కడపడితే అక్కడ వస్తుంటే డిస్క్ మీద గీతలో మురికో ఉన్నట్టే, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడవండి. "ఇల్లీగల్ రిక్వెస్ట్" అని వస్తే మీరు ఆడియో సీడీని మౌంట్ చేయబోతున్నారేమో (అంటే ఫైళ్ల ఫోల్డర్‌లా తెరవబోతున్నారేమో), లేదా అది ఎన్‌క్రిప్ట్ చేసిన సినిమా డీవీడీయేమో చూసుకోండి. ఈ రెంటిలోనూ కెర్నల్ తప్పు లేదు.

అంతా కాపీ అయ్యి చివర్లో ఆగిపోతోంది

జనాన్ని ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. పాత సీడీలు చాలావాటిని ట్రాక్-ఎట్-వన్స్ (ఒక్కో ట్రాక్ విడిగా రాసే) పద్ధతిలో రాశారు. అలా రాసినప్పుడు ట్రాక్ చివర డేటా లేని రెండు సెక్టార్లు (డిస్క్ మీద డేటా ఉండే చిన్న గళ్లు) మిగులుతాయి, డ్రైవ్ మాత్రం వాటినీ కలిపే ట్రాక్ సైజు చెబుతుంది. కెర్నల్ ఆ లెక్క నమ్మి, వేగం కోసం ముందుగానే ఒక పెద్ద ముక్క చదవబోతుంది (మామూలుగా 128 కేబీ), ఆ ముక్కలో చదవలేని సెక్టార్ తగిలిందంటే దాని పక్కనున్న మంచి డేటా కూడా చేతికి రాకపోవచ్చు. అంటే మీ ఫైల్ డిస్క్ మీద భద్రంగానే ఉంది, అడిగిన తీరులోనే తేడా.

ఐసోసైజ్ (isosize) కమాండ్‌తో అసలు సెక్టార్ల సంఖ్య తెలుసుకుని, కాపీ చేసే డీడీ (dd) కమాండ్‌తో 2048 బైట్ల చొప్పున సరిగ్గా అన్నే సెక్టార్లు, కెర్నల్ ముందుగా చదవని డైరెక్ట్ మోడ్‌లో (iflag=direct) చదవండి. వచ్చిన ఇమేజ్‌ని మౌంట్ చేసి చివరి ఫైల్ తెరిచి చూడండి. బ్లాక్‌డెవ్ (blockdev) కమాండ్‌తో రీడ్-అహెడ్‌ని, అంటే ఆ ముందుగా చదవడాన్ని, 0 చేసినా కొన్నిసార్లు పని జరుగుతుంది. ఇకమీద కొత్తగా సీడీ రాసేటప్పుడు డిస్క్-ఎట్-వన్స్ (డిస్క్ మొత్తం ఒకేసారి రాయడం) ఎంచుకోండి, లేదా చివర 150 సెక్టార్లు, అంటే 300 కేబీ, ఖాళీ ప్యాడింగ్ పెట్టండి. డీవీడీల్లో ఈ బాధ ఉండదు.

అప్‌డేట్ చేశాక డ్రైవే కనిపించడం లేదు

రీబూట్ చేశారా? కొన్ని డిస్ట్రోల్లో (ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకాలు) అప్‌డేట్ కాగానే పాత కెర్నల్ మాడ్యూళ్లు, అంటే డ్రైవర్ ముక్కలు, తుడిచేస్తారు, నడుస్తున్నది ఇంకా పాతదే కాబట్టి సీడీ డ్రైవ్‌ని నడిపే ఎస్‌ఆర్-మాడ్ (sr_mod) లోడ్ కాదు. రీబూట్‌తో పోతుంది, టెన్షన్ పడకండి.

"హార్డ్ రీసెటింగ్ లింక్" అని పదే పదే వస్తోంది

ముందు సాటా కేబుల్ (డ్రైవ్‌ని మదర్‌బోర్డుకు కలిపే తీగ) మార్చండి, అది చవక. అయినా పోకపోతే పవర్ సేవింగ్ చూడండి. 2018లో వచ్చిన ఫెడోరా 28 నుంచి ల్యాప్‌టాప్ చిప్‌సెట్లలో సాటా లింక్ పవర్ ఆదా డిఫాల్ట్‌గా ఆన్ అయింది, కొన్ని డ్రైవ్‌లకు అది పడదు. లింక్ పవర్ మేనేజ్‌మెంట్ పాలసీని (link_power_management_policy) మ్యాక్స్ పెర్ఫార్మెన్స్‌కు (max_performance) మార్చండి. బ్యాటరీ ఆదా చేసే టీఎల్‌పీ (TLP) ప్రోగ్రామ్ వాడుతుంటే అందులో కూడా మార్చాలి, లేకపోతే అది మళ్లీ వెనక్కి తిప్పేస్తుంది. ఇంకా తగ్గకపోతే బూట్ లైన్‌లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు దానికిచ్చే ఆప్షన్ల వరుస) లిబాటా ఫోర్స్ (libata.force=1.5Gbps) ఆప్షన్‌తో లింక్ వేగాన్ని 1.5 గిగాబిట్లకు దించి చూడండి.

యూఎస్‌బీ రైటర్‌లో డిస్క్ గిర్రున తిరిగి ఆగి మళ్లీ తిరుగుతుంటే ఎక్కువగా కరెంటు చాలకే. యూఎస్‌బీ 2 పోర్ట్ 500 మిల్లీ ఆంప్స్, యూఎస్‌బీ 3 పోర్ట్ 900 ఇస్తాయి. హబ్ తీసేసి నేరుగా యూఎస్‌బీ 3 పోర్ట్‌లో పెట్టండి.

కెర్నలే కారణమని తేల్చుకోవడం ఎలా

కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ చేసి, అదే డిస్క్ అదే డ్రైవ్‌లో పెట్టండి. దయచేసి ఈ పరీక్ష మానకండి. 2004లో 2.6.8 కెర్నల్ వచ్చినప్పుడు డ్రైవ్‌కు వెళ్లే కమాండ్లను వడకట్టడం మొదలైంది, దాంతో రూట్ (అడ్మిన్) కాని యూజర్లకు సీడీ రాయడం ఆగిపోయింది. డ్రైవ్‌లు బాగానే ఉన్నాయి, మారింది కెర్నల్ ఒక్కటే. పాతదాంట్లో చదివి కొత్తదాంట్లో చదవకపోతే ప్రస్తుతానికి పాతదానితోనే డిస్క్‌లన్నీ కాపీ చేసుకుని, రెండు కెర్నల్ వెర్షన్ల నంబర్లు, రెండింటి డీమెసేజ్ అవుట్‌పుట్, డ్రైవ్ మోడల్ జత చేసి మీ డిస్ట్రో వాళ్లకు బగ్ రిపోర్ట్ పంపండి.