కోడ్‌లో చిక్కును కొలవడం, తగ్గించడం: ఒక ఫీజుల ఫంక్షన్‌తో

నేను కాలేజీల ఫీజుల సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తాను. పైకి చూస్తే కూడికలూ తీసివేతలే. లోపలికి వస్తే కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా, లేటరల్ ఎంట్రీ, రీయింబర్స్‌మెంట్, హాస్టల్, బస్సు, స్టాఫ్ పిల్లల రాయితీ, అన్నదమ్ములిద్దరూ ఒకే కాలేజీలో ఉంటే ఇంకో రాయితీ. ఇవి మారినప్పుడల్లా ఎవరో ఒకరు కోడ్‌లో ఇంకో ఇఫ్ పెట్టి వెళ్తారు. కొన్నేళ్లకు ఆ ఫైల్ పేరు చెబితేనే టీమ్‌లో టెన్షన్ మొదలవుతుంది.

"ఈ ఫంక్షన్ బాగా కాంప్లెక్స్ అయిపోయింది" అని అందరమూ అంటాం (ఫంక్షన్ అంటే ఒక పనికి పేరు పెట్టి రాసిన కోడ్ ముక్క). ఎంత అయింది, ముందు ఏది పట్టుకోవాలి, బాగు చేశాక నిజంగా తగ్గిందా అని అడిగితే మాత్రం ఎవరి అభిప్రాయం వాళ్లది. అందుకే కొలవాలి. మా కోడ్ పైథాన్‌లో ఉంది కాబట్టి ఉదాహరణలు అటువైపే ఉంటాయి, పద్ధతి ఏ భాషకైనా ఒకటే.

ముందు ఒక మాట. చిక్కు రెండు రకాలు. కాలేజీ నిబంధనల్లోనే ఉన్నది ఒకటి. దాన్ని మనం తీసేయలేం, తీసేస్తే లెక్క తప్పుతుంది. రాసిన తీరు వల్ల వచ్చినది రెండోది. మనం తగ్గించగలిగింది ఈ రెండోదాన్నే. ఏ నంబర్ చూసినా, ఇది నిబంధనల వల్ల వచ్చిందా, మన రాత వల్ల వచ్చిందా అని అడగండి.

కొలతలు రెండు చాలు

మొదటిది సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ. థామస్ మెకేబ్ 1976లో ప్రతిపాదించాడు. ప్రోగ్రామ్‌ను గ్రాఫ్‌గా గీసి, గీతల సంఖ్యలోంచి బిందువుల సంఖ్య తీసేసి 2 కలపడం అసలు సూత్రం. చేత్తో లెక్కించాలంటే ఇంకా సులువు: ఫంక్షన్‌కు 1 వేసుకుని, దారి చీలే ప్రతిచోటా ఇంకో 1 కలపండి. ఇఫ్ (ఇలా అయితే), ఎలిఫ్ (అది కాక ఇదైతే), ఫర్, వైల్ (పదేపదే తిరిగే లూప్‌లు), ఎక్సెప్ట్ (తప్పు వస్తే) అన్నీ చీలికలే. ఎల్స్‌కు (ఇవేవీ కాకపోతే) ఏమీ కలపక్కర్లేదు. ఫంక్షన్‌లో ఒకదాని మీద ఒకటి ఆధారపడని దారులు ఎన్నో ఈ నంబర్ చెబుతుంది. 7 వస్తే, ఆ దారులన్నీ పరీక్షించడానికి 7 టెస్టులు రాయాలని అర్థం. పై హద్దుగా మెకేబ్ 10 సూచించాడు, అందులో మంత్రమేమీ లేదని కూడా తనే చెప్పాడు. ఒకే విలువను బట్టి విడివిడి కేసులు వరసగా ఉండే పొడవాటి ఫంక్షన్లకు మినహాయింపు కూడా ఇచ్చాడు. ఈ సంగతి చాలామందికి తెలియక, చదవడానికి ఏ ఇబ్బందీ లేని కేసుల జాబితాను కూడా ముక్కలు చేస్తుంటారు.

రెండోది కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ. సోనార్ అనే కోడ్ తనిఖీ టూల్స్ తయారుచేసే సంస్థ దీన్ని రూపొందించింది. చదివే మనిషికి ఎంత కష్టమో పట్టుకోవడం దీని ఉద్దేశం. అందుకే ఇందులో లోతుకు జరిమానా ఉంటుంది: పైన ఉన్న ఇఫ్‌కు 1, దాని లోపలి ఇఫ్‌కు 2, ఇంకా లోపలిదానికి 3. ఎల్స్‌కూ ఎలిఫ్‌కూ లోతుతో పని లేకుండా ఒక్కొక్కటే. షరతులను కలిపే ఒకే రకం యాండ్‌లు వరసగా ఎన్ని ఉన్నా వాటన్నిటికీ కలిపి 1. సోనార్‌లో ఫంక్షన్‌కు మామూలు హద్దు 15.

రెండూ ఎందుకో చూడటానికి మా కోడ్‌ను బాగా కుదించి, తెలుగులో రాసి చూపిస్తున్నాను.

ఫంక్షన్ ఫీజు_లెక్క(విద్యార్థి):
  మొత్తం = 0
  విద్యార్థి యాక్టివ్ అయితే:
    ప్రతి పద్దుకూ:
      పద్దు ట్యూషన్ అయితే:
        రీయింబర్స్‌మెంట్ లేకపోతే:
          పద్దును మొత్తానికి కలుపు
      అది కాక బస్సు అయితే:
        హాస్టల్‌లో లేకపోతే:
          పద్దును మొత్తానికి కలుపు
      ఇంకేదైనా అయితే:
        పద్దును మొత్తానికి కలుపు
  మొత్తం తిరిగివ్వు

సైక్లోమాటిక్ లెక్క: మూలం 1, యాక్టివ్ 1, లూప్ 1, ట్యూషన్ 1, రీయింబర్స్‌మెంట్ 1, బస్సు 1, హాస్టల్ 1. మొత్తం 7. హద్దు 10 కాబట్టి టూల్ ఏమీ అనదు. కాగ్నిటివ్ లెక్క చూడండి: యాక్టివ్ 1, లూప్ 2, ట్యూషన్ 3, రీయింబర్స్‌మెంట్ 4, బస్సు 1, హాస్టల్ 4, చివరి "ఇంకేదైనా" 1. మొత్తం 16, హద్దు దాటింది. పట్టుమని పదిహేను లైన్లు లేవు, అయినా మూడోసారి కూడా వేలు పెట్టి చదువుకోవాల్సి వస్తుంది. ఎందుకో ఆ 4లు చెబుతున్నాయి.

టూల్స్ విషయం త్వరగా చెప్పేస్తాను. పైథాన్‌కు రాడాన్ ఉంది, ప్రతి ఫంక్షన్‌కూ ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తుంది: 1 నుంచి 5 ఏ, 6 నుంచి 10 బి, 41, ఆ పైన ఎఫ్. రకరకాల భాషల కోడ్ కలగలిసి ఉంటే లిజార్డ్ వాడండి. జావాస్క్రిప్ట్ వాళ్లకు ఈఎస్‌లింట్‌లోనే కాంప్లెక్సిటీ రూల్ ఉంది, మామూలు హద్దు 20. ఒక జాగ్రత్త: యాండ్, ఆర్‌లను రాడాన్ లెక్కలోకి తీసుకుంటుంది, ఫ్లేక్8 అనే ఇంకో పైథాన్ టూల్‌తో వచ్చే మెకేబ్ ప్లగిన్ తీసుకోదు. అందుకే ఒకే ఫంక్షన్‌కు రెండు నంబర్లు రావచ్చు. ఒక టూల్ ఎంచుకుని దానికే కట్టుబడండి.

ఎక్కడ మొదలుపెట్టాలి

మొదటిసారి టూల్ నడిపితే పెద్ద జాబితా వస్తుంది, గుండె జారుతుంది. పైనుంచి కిందికి వరసగా బాగు చేసుకుంటూ పోవద్దు. ఆ జాబితాలో అన్నిటికంటే పైనున్న ఫంక్షన్‌ను ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదేమో, దాని పని అది సరిగ్గానే చేసుకుపోతోందేమో. దాన్ని కదిలిస్తే ఖర్చే తప్ప లాభం లేదు.

ఇంకో జాబితా తయారుచేయండి. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ లాగ్‌లోంచి గడిచిన ఏడాది కమిట్లలో (ఒక్కో మార్పు ఒక్కో కమిట్) ఫైళ్ల పేర్లు మాత్రమే తీసి, సార్ట్ చేసి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. టెర్మినల్‌లో ఒక్క లైన్ పని. కోడ్ ఫార్మాటింగ్ కోసం అన్ని ఫైళ్లనూ ఒకేసారి మార్చిన కమిట్లను వదిలేయండి, లేకపోతే లెక్క చెడిపోతుంది. ఈ జాబితాలోనూ, టూల్ ఇచ్చిన జాబితాలోనూ పైన కనిపించే ఫైళ్లే మీ పని. మామూలుగా అవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. మా దగ్గర ఫీజు లెక్క, రసీదుల రద్దు, బకాయిల రిపోర్ట్ పైకొచ్చాయి. అకౌంట్స్ సెక్షన్ నుంచి ఎక్కువ ఫోన్లు వచ్చేదీ ఈ మూడింటి గురించే. ఇలా ఫిర్యాదులతో కూడా సరిపోతే ఇక సందేహం అక్కర్లేదు.

ముట్టుకునే ముందు

టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది: "అక్కా, నడుస్తోంది కదా, ఇప్పుడెందుకు కెలకడం?" న్యాయమైన ప్రశ్న. డబ్బు లెక్కల దగ్గర భయం ఉండాల్సిందే. ఆ భయానికి జవాబు టెస్టులే.

పాత ఫంక్షన్ సరైనదా కాదా అన్నది ఈ దశలో మన ప్రశ్న కాదు. అది ఇప్పుడు ఏం చేస్తోందో అచ్చంగా నమోదు చేసుకోవాలి. నిరుటి విద్యార్థుల రికార్డులు తీసుకుని, పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు తీసేసి, పాత ఫంక్షన్‌కు ఇచ్చి, వచ్చిన జవాబులన్నీ ఫైల్‌లో దాచండి. కొత్త ఫంక్షన్ అవే రికార్డులకు పైసాతో సహా అవే జవాబులు ఇవ్వాలి. నిజం రికార్డుల్లో అరుదైన కేసులు దొరక్కపోతే చేత్తో తయారుచేయండి: మధ్యలో హాస్టల్ వదిలేసిన కుర్రాడు, ఒక్క ఫీజు పద్దూ లేని విద్యార్థి, బస్సు ఫీజు సున్నా ఉన్న రూట్. ఏ లైన్లు అసలు నడవలేదో కవరేజ్ టూల్ చెబుతుంది. వాటికోసం ఇంకొన్ని కేసులు కలపండి.

ఈ క్రమంలో పాత కోడ్‌లో తప్పు కనిపిస్తే వెంటనే సరిచేయకండి. రాసిపెట్టుకోండి, దానికి వేరే కమిట్. ఆకారం మార్చడమూ, జవాబు మార్చడమూ ఒకే కమిట్‌లో కలిస్తే, రేపు ఏ రసీదు ఎందుకు మారిందో ఎవరూ చెప్పలేరు.

విప్పడం

లోతు నుంచి మొదలుపెట్టండి. అతి తక్కువ శ్రమతో అతి ఎక్కువ ఫలితం అక్కడే. యాక్టివ్ అయితే ఇదంతా చెయ్యి అని మొత్తం ఫంక్షన్‌ను లోపలికి నెట్టే బదులు, యాక్టివ్ కాకపోతే మొదటి లైన్‌లోనే సున్నా ఇచ్చి పంపేయండి. మిగతా కోడ్ అంతా ఒక మెట్టు బయటికి వస్తుంది. తర్వాత లూప్ లోపలి నిర్ణయాన్ని వేరే ఫంక్షన్‌కు తీసేయండి.

ఫంక్షన్ ఫీజు_లెక్క(విద్యార్థి):
  యాక్టివ్ కాకపోతే: 0 తిరిగివ్వు
  మొత్తం = 0
  ప్రతి పద్దుకూ:
    కట్టాల్సింది(పద్దు, విద్యార్థి) ఎంతో అంత మొత్తానికి కలుపు
  మొత్తం తిరిగివ్వు

ఫంక్షన్ కట్టాల్సింది(పద్దు, విద్యార్థి):
  ట్యూషన్ పద్దు యాండ్ రీయింబర్స్‌మెంట్ ఉంది అయితే: 0 తిరిగివ్వు
  బస్సు పద్దు యాండ్ హాస్టల్‌లో ఉన్నాడు అయితే: 0 తిరిగివ్వు
  పద్దు మొత్తం తిరిగివ్వు

మళ్లీ కొలుద్దాం. కాగ్నిటివ్: మొదటిదానికి 2, రెండోదానికి 4, కలిపి 6. అంతకుముందు 16. రాడాన్ ఇచ్చే సైక్లోమాటిక్ నంబర్లు 3, 5, కలిపి 8. అంటే 7 నుంచి 8కి పెరిగింది! ఇందులో కంగారు పడాల్సింది ఏమీ లేదు. నిబంధనలు తగ్గలేదు కదా, ట్యూషన్, బస్సు మినహాయింపులు రెండూ అలాగే ఉన్నాయి, లోపలి ఇఫ్‌లు రెండు యాండ్‌లుగా మారి లెక్కలోనే ఉన్నాయి. పెరిగిన ఆ 1 కొత్త ఫంక్షన్‌కు మొదట వేసుకునే 1, అంతే. తగ్గింది మన రాత వల్ల వచ్చిన చిక్కు. ఒక్క నంబరే చూసుకునే టీమ్ అయితే ఈ మార్పును రివ్యూలో వెనక్కి కొట్టేది.

ఇంకో లాభం ఉంది, నాకు అన్నిటికంటే ఇదే ముఖ్యం. రెండో ఫంక్షన్‌ను అకౌంట్స్ సూపరింటెండెంట్ ముందు చదివి వినిపించవచ్చు. "రీయింబర్స్‌మెంట్ ఉన్నవాళ్లకు ట్యూషన్ సున్నా, హాస్టల్ పిల్లలకు బస్సు సున్నా, మిగతావన్నీ పూర్తిగా. అంతేనాండీ?" అని అడిగితే ఆయన అవునో కాదో చెప్పగలరు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో రీయింబర్స్‌మెంట్ డబ్బు తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. డబ్బు తల్లి ఖాతాలో పడితే కాలేజీకి ఆ ట్యూషన్ విద్యార్థి వైపు నుంచే రావాలి, కోడ్ సున్నా చూపిస్తే కుదరదు. పై ఆకారంలో ఉన్న కోడ్‌లో అలాంటి మార్పు ఒక్క లైన్‌లో తేలుతుంది. పాత ఆకారంలో నాలుగు మెట్లు దిగి, ఏ కొమ్మలో ఉన్నామో గుర్తుపెట్టుకుని మార్చాలి.

కోర్సును బట్టి ఫీజు, రూట్‌ను బట్టి బస్సు చార్జీ లాంటి ఎలిఫ్ వరసలు ఉంటే అవి నిర్ణయాలు కావు, డేటా. వాటిని డిక్షనరీలోకో (పేరు, దాని విలువల జాబితా) టేబుల్‌లోకో తీసేయండి. కానీ షరతులను కూడా అందులోకి ఎక్కించకండి. "ఈ కాలమ్ ఖాళీ అయితే ఆ కాలమ్ చూడు" అని టేబుల్ చెప్పడం మొదలైతే, టూల్‌కు కనిపించని చోట చిక్కును దాచినట్టే.

ఫంక్షన్‌కు పంపే ట్రూ, ఫాల్స్ (అవును, కాదు) పారామీటర్ల మీద కూడా ఒక కన్నేయండి. మూడు ఉంటే 8 రకాల పిలుపులు సాధ్యం, వాటిలో చాలావాటికి అర్థమే ఉండదు. రద్దు చేసిన రసీదు, డూప్లికేట్ రసీదు రెండూ ఒకే ఫంక్షన్‌లో ఇలాంటి ఫ్లాగ్‌లతో నడుస్తుంటే, రెండు ఫంక్షన్లు చేసి, ఉమ్మడి పనిని మూడోదాంట్లో పెట్టండి.

నంబర్ కోసం మాత్రం కోయకండి. ఫీజు_లెక్క_భాగం2 అని పేరు పెట్టి, ఆరు పారామీటర్లు పంపాల్సి వస్తోందంటే, అక్కడ కోయకూడదన్నమాట. నేను రివ్యూలో చూసేది ఒక్కటే: కొత్త ఫంక్షన్ పేరు చదివితే లోపలికి వెళ్లకుండా పై కోడ్ అర్థమవుతోందా? లేదంటే కలిపేయమంటాను.

మళ్లీ పేరుకుపోకుండా

సీఐలో (కోడ్ మార్చిన ప్రతిసారీ దానంతటదే తనిఖీలు నడిపే ఏర్పాటు) హద్దు పెట్టండి, కానీ పాత కోడ్ మొత్తానికి ఒకేసారి కాదు. అలా పెడితే మొదటి రోజే బిల్డ్ ఫెయిలై ఎర్రబడుతుంది, రెండో రోజు ఎవరో ఆ రూల్ తీసేస్తారు. రఫ్ అనే పైథాన్ తనిఖీ టూల్‌లో కాంప్లెక్సిటీ రూల్ ఆన్ చేస్తే హద్దు 10గా వస్తుంది. కొత్తగా రాసే ఫంక్షన్లకు దాన్ని అలాగే ఉంచండి. ఇప్పటికే దాటిన పాతవాటికి ఆ లైన్ దగ్గరే మినహాయింపు రాసి, పక్కన కారణం కామెంట్‌గా పెట్టండి: నిబంధనల వల్లా, ఇంకా విప్పలేదా, లేక త్వరలో తీసేసే కోడా. కారణం రాయని మినహాయింపు రివ్యూ దాటకూడదు. "ఇంకా విప్పలేదు" అని రాసిన ఫంక్షన్‌ను వేరే పని మీద తెరిచినప్పుడు, ముందు ఒక మెట్టు లోతు తగ్గించి, దాన్ని విడి కమిట్‌గా పెట్టి, ఆ తర్వాతే మీ పని మొదలుపెట్టండి.