బీఏ పిల్లలకు గణాంకాలు: ఉచితంగా దొరికే వాటితోనే

నేను డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతాను. మా బీఏ పిల్లల్లో చాలామంది పదో తరగతితోనే లెక్కలకు దండం పెట్టినవాళ్లు. స్టాటిస్టిక్స్ యూనిట్ అనగానే టెన్షన్. అలాంటి క్లాసులో బోర్డు మీద సూత్రంతో మొదలుపెట్టకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ఫ్యాక్ట్ షీట్లు డౌన్‌లోడ్ చేసుకోండి. దేశానికి, రాష్ట్రాలకు, జిల్లాలకు విడివిడిగా పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి.

మొదటి పీరియడ్‌కి దేశం షీటు చాలు. 1,000 మంది పురుషులకు 1,020 మంది స్త్రీలని అందులో ఉంటుంది. పక్కనే 2011 జనగణన అంకె రాయండి, 943. పదేళ్లలో ఇంత ఎలా పెరిగిందో పిల్లల్నే వాదించుకోనివ్వండి. తర్వాత ఒక్క ప్రశ్న వేయండి: "నిన్న రాత్రి మీ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారు?" జనగణన అందరినీ లెక్కపెడుతుంది. ఈ సర్వే 6,36,699 ఇళ్లకు వెళ్లి, ముందు రాత్రి అక్కడ ఉన్నవాళ్ల లెక్క తీసింది. దుబాయ్‌లో పనిచేసే నాన్న, హాస్టల్లో ఉండే అన్నయ్య ఆ 1,020 లెక్కలోకి రారు. వలస ఇళ్ల పిల్లలకు ఇది చప్పున తడుతుంది. అప్పుడు అదే పేజీలో కింది వరుస చూపించండి. అంతకు ముందు ఐదేళ్లలో పుట్టిన పిల్లల్లో 1,000 మంది మగపిల్లలకు 929 మందే ఆడపిల్లలు. ఎవరిని లెక్కించారో తెలియకుండా అంకెను నమ్మకూడదని ఇక వేరే చెప్పక్కర్లేదు.

రెండో పీరియడ్‌లో సొంత జిల్లా షీటు ఇవ్వండి. సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలే, కాబట్టి అనకాపల్లి పిల్లలు విశాఖపట్నం షీటు చూడాలి. కొన్ని అంకెలు బ్రాకెట్లలో ఉంటాయి, కొన్నిచోట్ల అంకె బదులు నక్షత్రం గుర్తు ఉంటుంది. పిల్లలు దాన్ని అచ్చుతప్పు అనుకుంటారు. బ్రాకెట్ అంటే ఆ శాతం 25 నుంచి 49 కేసుల మీద కట్టింది, నక్షత్రం అంటే 25 కూడా లేవు కనుక ఇవ్వలేదు. శాంపిల్ చిన్నదైతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు.

మిగతావి అవసరాన్ని బట్టి. ప్రొజెక్టర్ ఉంటే గ్యాప్‌మైండర్ వెబ్‌సైట్‌లోని బుడగల చార్టు వేయండి, అందులో ఒక్కో దేశం ఒక్కో బుడగ. అడ్డగీత మీద ఆదాయం ఒక్కో మెట్టుకీ రెట్టింపవుతుందని మాత్రం ముందే చెప్పాలి. సగటు, మధ్యగతం (మీడియన్) చదువుకోవడానికి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి గణాంకాల పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితం, లెక్కలు కట్టడానికి ఎక్సెల్ లాంటి లిబ్రేఆఫీస్ కాల్క్ సరిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్ల జాస్ప్ (JASP) చక్కటి గణాంకాల సాఫ్ట్‌వేర్, అదీ ఉచితమే. కానీ మొదటి సెమిస్టర్‌లో వద్దు, బటన్లు నొక్కడమే చదువనుకుంటారు.

ఇంటర్నల్ పరీక్షలో సూత్రం అడక్కండి. శాతాలున్న ఒక పేపర్ కటింగ్ ఇచ్చి, ఇది ఎంతమందిలో ఎంతమంది, వాళ్లను ఎవరు, ఎలా ఎంచుకున్నారు, ఆ లెక్కలోకి రానివాళ్లెవరు అని రాయమనండి.