ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా, ఆటిజం ఉన్నవాళ్లు లాయర్ అవ్వాలంటే

"నీకు కుదురు లేదు, లా నీవల్ల ఏమవుతుంది" అని నాకూ చెప్పారు. ఏడీహెచ్‌డీతోనే (ధ్యాస ఒకచోట నిలవకపోవడం) ప్రాక్టీస్ చేస్తున్నా కాబట్టి తెలిసినంత చెప్తాను.

ముందు కాగితాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమవడం) లాంటి అభ్యసన లోపాలు ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు, కాబట్టి ఏడీహెచ్‌డీతో పాటు వీటిలో ఏదైనా ఉంటే రిపోర్టులో రెండూ రాయించుకోండి. వైకల్యం 40 శాతం ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో రిజర్వేషన్ ఉంటుంది. అంత లేదు కాబట్టి స్క్రైబ్‌ని (మన బదులు పరీక్ష రాసిపెట్టే మనిషిని) ఇవ్వం అంటే వికాస్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించండి. నోటిఫికేషన్ వచ్చాక సర్టిఫికెట్ కోసం తిరగడం మొదలుపెడితే మాత్రం అయ్యే పని కాదు.

జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో అన్నీ పేరాలు చదివి జవాబివ్వాల్సినవే, తప్పుకి పావు మార్కు పోతుంది. మన తెలుగు రాష్ట్రాల లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లో చిన్న ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, కానీ 90 నిమిషాల్లో 120 చేయాలి. చదవడమే కష్టమైతే నా ఓటు లాసెట్‌కే. ప్రాక్టీసు చేయడానికి పాసవ్వాల్సిన బార్ పరీక్షకి నోట్సు లేని బేర్ యాక్టులు (చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకాలు) లోపలికి తీసుకెళ్లనిస్తారు, తెలుగులోనూ రాయొచ్చు. సెక్షన్లు బట్టీ పట్టక్కర్లేదు, ఎక్కడుందో వెతకడం వస్తే చాలు.

అసలు కష్టం ప్రాక్టీసులో, అదీ వాయిదాల దగ్గర. 12వ తేదీ వాయిదాని నేను డైరీలో 21 అని రాసుకున్నా, పార్టీకి కూడా అదే చెప్పా, 12న మా వైపు ఎవరూ లేక దావా డిఫాల్ట్‌లో పోయింది (హాజరు కాలేదని కొట్టేశారు), సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 9 కింద పిటిషన్ వేసి రెస్టోర్ చేయించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటి నుంచి కోర్టు హాల్లోంచి బయటికి రాగానే తేదీ పైకి చెప్పి గుమాస్తాతోనూ రాయిస్తా, సాయంత్రం ఈ-కోర్ట్స్ యాప్‌లో సరిచూస్తా. (గుమాస్తాతో ఎప్పుడూ గొడవ పెట్టుకోకండి.)

ఇక కోర్టులో జనం, గోల, గంటల తరబడి ఎదురుచూపులు పడవంటే నల్లకోటు వేసుకుని అక్కడే నిలబడాలని లేదు. బ్యాంకులకి లీగల్ ఒపీనియన్ రాసేవాళ్లున్నారు: లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్లు) ముందేసుకుని ఒక సర్వే నంబరు ఎక్కడ తేడా కొట్టిందో పట్టుకోవాలి. ఒకే విషయం మీద గంటలు కూర్చోగలిగినవాళ్లకి ఇది పండగే. నాకు అస్సలు చేతకాదు, నాకు క్రాస్ ఎగ్జామినేషన్ ఇష్టం, సాక్షి ముందున్నంతసేపూ బుర్ర ఎటూ పోదు.

సీనియర్ దగ్గర చేరేటప్పుడు డయాగ్నసిస్ చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. నేను రోగం పేరు చెప్పలేదు, "నోటితో చెప్తే మర్చిపోతాను సార్, వాట్సాప్‌లో పెట్టండి" అన్నాను. రెండ్రోజులు విసుక్కున్నారు, తర్వాత ఆయనే వాయిస్ మెసేజ్‌లు పెట్టడం మొదలెట్టారు.