కళాశాల నియమాల్లో దాగిన ఆడ-మగ వివక్షను తొలగించడం ఎలా?

ముందుగా రెండు తెల్లకాగితాలు తీసుకుని, అమ్మాయిలకు అమలయ్యే నియమాలు ఒకదాని మీద, అబ్బాయిలవి మరొకదాని మీద విద్యార్థులతోనే రాయించండి: హాస్టల్ గేటు మూసే వేళ, గ్రంథాలయంలో ఉండనిచ్చే గడువు, ప్రయోగశాల వేళలు, ఊరికి వెళ్లడానికి కావలసిన సంతకాలు, ఆటస్థలం ఎవరికి ఎప్పుడన్నది. వార్డెన్ నోటిమాటగా అమలు చేసేవీ చేర్చండి. చేత్తోనే రాయాలి, ఫోన్‌లో ఫారం పంపితే పేరు బయటపడుతుందన్న భయంతో విద్యార్థులు నిజం రాయరు.

ఆ తరువాత, లైంగిక వేధింపు ఫిర్యాదులను విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీ సంగతి చూడండి. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2015 నిబంధనల ప్రకారం అధ్యక్షత సీనియర్ మహిళా అధ్యాపకురాలిది, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటివారు. రిజిస్ట్రారు, డీన్, శాఖాధిపతి వంటి పదవుల్లో ఉన్నవారు సభ్యులు కాకూడదు. లైంగిక వేధింపుపై ఫిర్యాదు చేయడానికి మూడు నెలల గడువుందన్న మాటతో పాటు సభ్యుల పేర్లు బోర్డుపై పెట్టించండి.

అందరూ తప్పటడుగు వేసేది హాస్టల్ వేళల దగ్గరే. ఉదాహరణకు, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, మహిళా విశ్వవిద్యాలయం ఉన్న తిరుపతికి కుప్పం నుంచీ పలమనేరు నుంచీ అమ్మాయిలు చదువుకోవడానికి వస్తారు. వారి తల్లిదండ్రుల ఆందోళన నిజమైనది, దాన్ని కొట్టిపారేయకండి. అయితే భద్రతను సాకుగా చూపి, అబ్బాయిలకు లేని ఆంక్షలను అమ్మాయిల హాస్టళ్లలో పెట్టకూడదని ఆ 2015 నిబంధనలే స్పష్టంగా చెబుతున్నాయి. తల్లిదండ్రుల సమావేశాన్ని ముందే పెట్టారంటే పని అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే ఆ గదిలో ఆడపిల్లలెవరూ నోరు విప్పరు. మొదట వారితోనే, వార్డెన్ లేని చోట, మాట్లాడండి.

తరువాత ప్రతి నియమం ఎదుట దాని కారణం రాయండి. ఆ కారణం ఇద్దరికీ వర్తిస్తే నియమమూ ఇద్దరికీ వర్తించాలి. 'ఆడపిల్ల కాబట్టి' అన్నది తప్ప మరో కారణం దొరకకపోతే ఆ నియమాన్ని కొట్టివేయాలి. చీకటి దారి కారణమైతే దీపాలు పెట్టించాలి, రాత్రి బస్సు లేకపోతే కళాశాల వాహనం నడపాలి. సమానత్వం పేరుతో అబ్బాయిల గేటుకు కూడా ఆరున్నరకే తాళం వేసిన చోట్లు చూశాను. దానివల్ల గ్రంథాలయం ఇద్దరికీ దూరమైంది. మార్చి 8న ముగ్గుల పోటీ, ఉపన్యాసం పెట్టి సరిపుచ్చుకోవడం కంటే ఈ రెండు కాగితాల పద్ధతే మేలని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఉపన్యాసం ముగిసినా గేటు వేళ మారదు.

కొత్త వేళలను ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తర్వుగా ఇప్పించి, ఆలస్యంగా వచ్చిన అమ్మాయిల పేర్లు రాసే పాత రిజిస్టరును అదే రోజు మూయించండి. అది గేటు దగ్గర ఉన్నంతకాలం కాపలాదారు పాత వేళనే పాటిస్తాడు.